ఏటా ఆగిపోయే లక్ష్యాలు: లోపం ఎక్కడుందో కనిపెట్టి సరిచేసుకోవడం

జనవరిలో కొత్త డైరీ మొదటి పేజీలో రాసుకున్న లక్ష్యం ఉగాది నాటికే మరుగున పడితే మనం సాధారణంగా మన బద్ధకాన్నే నిందించుకుంటాం. అలారం గంట ముందుకు జరుపుతాం, ఫోనులో కొత్త యాప్ పెట్టుకుంటాం, వచ్చే సోమవారం నుంచి గట్టిగా మొదలుపెడదామని తీర్మానించుకుంటాం. పట్టుదల లేకపోవడం నిజంగానే ఒక కారణం కావచ్చు కానీ, దాన్ని అన్నిటికంటే చివర చూడాలి. ముందుగా చూడవలసింది ఆ లక్ష్యం అసలు మనదేనా అన్నది. కింద చెప్పిన లక్షణాలలో మీ పరిస్థితికి దగ్గరగా ఉన్నదాని నుంచి మొదలుపెట్టండి.

లక్షణం: ఏటా అదే లక్ష్యం రాసుకుంటారు, నెల తిరగకుండానే వదిలేస్తారు

కారణం: చాలా సందర్భాల్లో అది అరువు తెచ్చుకున్న లక్ష్యం. నేను వరుసగా మూడేళ్లు నా డైరీలో "కొండాపూర్‌లో ఫ్లాటు" అని రాసుకున్నాను, మూడేళ్లూ డౌన్ పేమెంటు కోసం తీసిపెట్టిన డబ్బు మరో ఖర్చుకు పోయింది. పాత డైరీలు తిరగేస్తే, ఆ మాట మొదటిసారి రాసింది మా పెదనాన్న కొడుకు గృహప్రవేశం జరిగిన వారంలోనే అని తెలిసింది. ఆ రోజు పాలు పొంగించిన వంటగదిలో, అందరూ హాల్లోకి వెళ్లాక, మా అమ్మ గ్రానైటు గట్టును అరచేత్తో ఒకసారి నిమిరి, ఏమీ అనకుండా బయటికి వచ్చింది. నేను రాసుకున్నది ఫ్లాటు గురించి కాదు, ఆ చెయ్యి గురించి. చాలాకాలానికి ధైర్యం చేసి అమ్మను అడిగితే, "మల్కాజిగిరిలో ఈ ఇల్లు నాకు చాలురా, ఆ రాయి చల్లగా ఉందని ముట్టుకున్నాను" అంది.

మనిషి ఒక పనికి పూనుకోవడానికి గల కారణాలను మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ లోతుగా పరిశీలించారు. ఆ ఆలోచననే కొనసాగించి కెన్నన్ షెల్డన్, ఆండ్రూ ఎలియట్ 1999లో ప్రచురించిన పరిశోధనలో, తమ ఇష్టాలకూ విలువలకూ తగిన లక్ష్యాలు పెట్టుకున్నవారు వాటికోసం ఎక్కువకాలం శ్రమిస్తారనీ, అవి నెరవేరినప్పుడు వారికి కలిగే తృప్తి కూడా ఎక్కువనీ తేలింది. ఆ కారణాలను మన మాటల్లో నాలుగుగా చెప్పుకోవచ్చు: ఎవరో చెయ్యమన్నారని, చెయ్యకపోతే తలవంపులని, ఇది ముఖ్యమని నేనే నమ్ముతున్నానని, ఈ పని చేయడమే నాకు ఇష్టమని. మొదటి రెండు కారణాలతో మొదలైన పని కొంతదూరం పరుగెత్తి ఆగిపోతుంది.

చేయవలసింది: ఒక కాగితం మీద లక్ష్యాన్ని రాసి, ఆ నాలుగు కారణాలకూ పదేసి మార్కులకు ఎన్ని ఇస్తారో నిజాయితీగా వేసుకోండి. తరువాత రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది సాధించిన సంగతి ఎవరికీ చెప్పకూడదంటే అప్పుడు కూడా చేస్తానా? ఫలితం మాట పక్కన పెడితే, ఒక మామూలు మంగళవారం సాయంత్రం ఈ పని చేస్తూ కూర్చోవడం నాకు సమ్మతమేనా? నా దృష్టిలో రెండో ప్రశ్నే గట్టిది. అశోక్‌నగర్ గదుల్లో గ్రూప్స్‌కు చదువుతున్న మిత్రులను దగ్గరగా చూశాను కాబట్టి చెబుతున్నాను: ఉద్యోగం కావాలనుకోవడం ఒకటి, ఆ ఉద్యోగం కోసం పాలిటీ, ఎకానమీ పుస్తకాలతో ఏళ్లు గడపడానికి మనసు ఒప్పుకోవడం మరొకటి. ఆ రెండూ కలిసినవారు నోటిఫికేషన్ ఆలస్యమైనా నిలబడ్డారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇంటివాళ్ల కోసం పెట్టుకున్న లక్ష్యమంతా అరువు లక్ష్యం కాదు. చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు తీర్చడం ఎవరికీ సరదా కాదు, కానీ అది నా బాధ్యతేనని మీరు మనస్ఫూర్తిగా అనుకుంటే ఆ లక్ష్యం మీదే అవుతుంది.

లక్షణం: అనుకున్నది సాధించారు, సంతోషం మాత్రం రాలేదు

కారణం: లక్ష్యం గడప దగ్గరే ఆగిపోయింది, గడప దాటాక ఉండే జీవితాన్ని ఊహించుకోలేదు. చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేయడం, అది నెరవేరాక వచ్చి 108 చేయడం మనందరికీ తెలిసినదే. చేతిలో కార్డు పట్టుకుని, ఒక్కో చుట్టుకూ ఒక్కో అంకెను పెన్నుతో కొట్టేసుకుంటూ నడిచేవారిని చూసినప్పుడల్లా, ఆ 11కూ ఈ 108కీ మధ్య ఉన్న కాలమే ఆలోచించుకోవడానికి తగిన సమయమని నాకు అనిపిస్తుంది.

చేయవలసింది: వీసా, ప్రమోషన్, ఇల్లు, ఏదైనా సరే, అది వచ్చిన ఏడాది తరువాతి ఒక మామూలు రోజును ఉదయం లేచినప్పటి నుంచి గంట గంటకూ రాయండి. ఎవరితో భోంచేస్తారు, సాయంత్రం ఏం చేస్తారు, ఎవరికి ఫోను చేస్తారు అన్నవి కూడా రాయండి. ఆ రోజులో మీకు నచ్చిన భాగాలు ఏవో గుర్తుపెట్టి, వాటిలో ఇప్పుడే మొదలుపెట్టగలిగినదాన్ని లక్ష్యంగా తీసుకోండి.

లక్షణం: ఏం కావాలో అసలు తెలియడం లేదు

కారణం: మనలో చాలామందిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎంసెట్ ర్యాంకు బ్రాంచిని నిర్ణయించింది, బ్రాంచి ఉద్యోగాన్ని నిర్ణయించింది.

చేయవలసింది: జవాబు కోసం కళ్లు మూసుకుని కూర్చోవడం కంటే రెండు వారాలపాటు మీ రోజును గమనించడం మేలు. ఎవరూ చెప్పకుండానే మీరు చేసిన పనులు, ఎవరిని చూసి ఏ విషయంలో అసూయ కలిగిందో ఆ సందర్భాలు పడుకునే ముందు రెండు ముక్కలు రాసుకోండి. నాకు ఇలాగే ఒకటి దొరికింది. మా తాతయ్య నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నారు, ఆయన జమాఖర్చుల పుస్తకం ఉర్దూలోనే ఉంది. ట్రంకుపెట్టె తెరిచినప్పుడల్లా ఒక్క అక్షరం తెలియకపోయినా ఆ పేజీలు తిప్పేవాణ్ణి, చార్మినార్ వైపు వెళితే దుకాణాల బోర్డుల మీద అక్షరాలను పోల్చుకోవడానికి ప్రయత్నించేవాణ్ణి. ఉపయోగం లేని పని అనుకుని దాన్ని ఏ డైరీలోనూ రాయలేదు.

అయితే రెండు వారాలకు మించి ఏ పనిమీదా ఆసక్తి లేకుండా, నిద్రా ఆకలీ కూడా దెబ్బతింటే అది లక్ష్యాలకు సంబంధించిన సమస్య కాకపోవచ్చు, కుంగుబాటు కావచ్చు. అప్పుడు ఈ కసరత్తులన్నీ ఆపి వైద్యులను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి మాట్లాడవచ్చు.

లక్షణం: లక్ష్యం మీదే, ఇంట్లో ఒప్పుకోవడం లేదు

కారణం, చాలాసార్లు, వారికి వినిపించేది మీ కోరిక కాదు, అందులోని ప్రమాదం. "ఉద్యోగం మానేసి ఊళ్లో వ్యవసాయం చేస్తాను నాన్నా" అంటే నెల జీతం ఆగిపోవడమే ఆయనకు కనిపిస్తుంది. మొత్తం జీవితానికి అనుమతి అడగకుండా ఒక్క పంటకాలానికి, ఇంత డబ్బుకు, ఉద్యోగం చేస్తూనే అని అడగండి, లెక్క ఫలానా తేదీన చూపిస్తానని చెప్పి ఆ తేదీన చూపించండి.

లక్షణం: లక్ష్యం మీదే, అడ్డూ లేదు, అయినా అడుగు పడటం లేదు

ఇప్పుడు మాత్రమే పద్ధతిని తప్పుపట్టవచ్చు. "ఉర్దూ నేర్చుకోవాలి" అన్న మాటలో సమయమూ లేదు, చోటూ లేదు. ఎంత చేయాలో స్పష్టంగా చెప్పిన లక్ష్యం "వీలైనంత చేద్దాం" అన్నదాని కంటే బాగా పనిచేస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ చూపించారు. ఫలానా సందర్భం రాగానే ఫలానా పని చేస్తానని ముందే ముడివేసుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు చెబుతాయి. అందుకే, మెట్టుగూడలో రాయదుర్గం మెట్రో ఎక్కగానే, సీటు దొరికినా దొరకకపోయినా పుస్తకం తెరిచి, అమీర్‌పేట వచ్చేలోగా ఒక పేజీ చదువుతాను అని రాసుకున్నాను. ఏదైనా ఒక రోజు తప్పితే మరునాడు రెండు పేజీలు చదవకూడదని కూడా రాసుకున్నాను, ఎందుకంటే బాకీ పెరిగిన కొద్దీ పుస్తకం మీద భయం పెరుగుతుంది.

నాలుగో నెలలో ఒక ఆదివారం తాతయ్య పుస్తకం తెరిచి ఒక మాట చదవగలిగాను. దాల్, వావ్, దాల్, చివర హే. దూధ్. పాల లెక్క. పక్కన ఉన్న అంకె ఇంకా రాలేదు, ఈ నెల మెట్రోలో అంకెలు చదువుతున్నాను.