సెకండ్‌హ్యాండ్ ఫైర్‌వాల్ బాక్సు మొరాయిస్తే ఇంట్లోనే ఏం చూడాల: సమస్య - పరిష్కారం

నెట్‌కీ లోపలి కంప్యూటర్లకీ మధ్య కాపలా ఉండే ఫైర్‌వాల్ బాక్సులు, ఆఫీసుల్లో మార్చేసిన పాతవి, చెన్నై రిచీ స్ట్రీట్‌లో దొరుకుతాయి, మన తిరుపతి వాళ్ళం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిపోయి ఒకటి సంచిలో వేసుకొచ్చేస్తాం, అంగడాయన "పవర్ వస్తాది సార్, అంతవరకే గ్యారంటీ" అంటాడు, ఇంటికొచ్చి పెడితే లైటు వెలుగుతాది గానీ నెట్ రాదు. ఇంగ బోర్డు పొయ్యిందని మూలన పడేస్తారు. నేను చూసినంతలో ఇట్లాంటి వాటిల్లో ఎక్కువ బోర్డు పోయినవి కావు, అడాప్టరో, డిస్కో, లోపలుండే చిన్న బ్యాటరీనో, అదీ కాకపోతే ఉత్త సెట్టింగో. ఏదనేది ముందర లైట్లు చెప్పవు, కన్సోల్ చెప్తాది. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు కన్సోల్ కేబుల్ కొనుక్కోండి.

కన్సోల్ అంటే ఏం లేదు, బాక్సు లేచేటప్పుడు చెప్పే మాటల్ని ల్యాప్‌టాప్‌లో చూపించే దారి, దానికి కావాల్సింది ఒకవైపు ఆర్జే45 (లాన్ వైరుకుండే పిన్ను), ఇంకోవైపు యూఎస్‌బీ ఉండే కేబులు. ల్యాప్‌టాప్‌లో పుట్టీ అనే ప్రోగ్రామ్ పెట్టుకుని డివైస్ మేనేజర్‌లో కామ్ పోర్టు నంబరు చూసి స్పీడు 9600 పెట్టండి, ఫ్లో కంట్రోల్ తీసెయ్యండి. స్క్రీన్ మీద పిచ్చి గీతలు, ప్రశ్నార్థకాలు వస్తే బాక్సు బాగానే మాట్లాడుతోంది, స్పీడే తప్పు, 115200 పెట్టి చూడండి. అసలేమీ రాకపోతే బాక్సుని అనుమానించే ముందు కేబుల్ని అనుమానించాల. 9 పిన్నుల కనెక్టరున్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టరైతే 2, 3 పిన్నుల్ని చిన్న తీగతో కలిపి కీబోర్డు మీద ఏదో ఒకటి కొట్టండి, కొట్టింది స్క్రీన్ మీద తిరిగొస్తే అడాప్టరు బాగున్నట్టే.

లైటే రావడం లేదు, లేదా వచ్చి వచ్చి ఆరిపోతా ఉంది

ఇది నూటికి తొంభై అడాప్టర్ గొడవే అని నా లెక్క. మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు కరెక్టుగా చూపిస్తాది, అక్కడే చాలామంది మోసపోతారు. లోడు లేనప్పుడు చచ్చిన అడాప్టరు కూడా 12 చూపిస్తాది. లోడు పెట్టి కొలవాల. దానికి పెద్ద మిషన్లేం అక్కర్లా, మెకానిక్ షెడ్డులో 12 వోల్టుల 21 వాట్ల బండి బల్బు ఒకటి అడగండి, అది దాదాపు ఒకటిముక్కాలు ఆంపియర్లు లాగుతాది. 3 ఆంపియర్ల అడాప్టరుకి ఆ బల్బు తగిలించి మీటరు చూడండి. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు కరెంటు ఎక్కువ లాగుతాది కాబట్టి మొదటి క్షణం తడబడినా పర్లేదు, తర్వాత పదకొండున్నరకి పైన నిలకడగా నిలబడాల. 10కి, 9కి జారిపోతా ఉంటే, లేదా బల్బు వెలిగి ఆరి వెలిగి ఆరి చేస్తా ఉంటే అడాప్టరు మార్చెయ్యండి, బాక్సు తెరవాల్సిన పనే లేదు.

కొత్తది కొనేటప్పుడు వోల్టేజి అదే ఉండాల, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ ఉండొచ్చు. పిన్ను కూడా చూసుకోవాల, బయట 5.5 మిల్లీమీటర్లు ఒకటే అయినా లోపల రంధ్రం 2.1, 2.5 అని రెండు రకాలు, 2.1 కావాల్సిన చోట 2.5ది కూడా దూరతాది గానీ లూజు కాంటాక్టు, బాక్సుని రవ్వంత కదిపితే రీబూట్ అవుతాది, మనమేమో బోర్డు ఫాల్ట్ అనుకుంటాం.

ర్యాకులో పెట్టే పొడుగు బాక్సుల్లో పవర్ సప్లై లోపలే ఉంటాది. అక్కడ 230 వోల్టులు లోపలికొచ్చి పెద్ద కెపాసిటర్లో సుమారు 325 వోల్టుల డీసీగా నిలబడి ఉంటాది, ప్లగ్గు పీకినా కాసేపు అట్లే ఉంటాది. అలవాటు లేకుంటే ఆ భాగం ముట్టుకోవద్దు, మొత్తం యూనిట్ మార్చుకోండి. అలవాటున్న వాళ్ళు మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సీరీస్ బల్బు (కరెంటు దారిలో మధ్యన పెట్టే బల్బు) ద్వారానే ఇవ్వండి. ఇంకొకటి, నవ్వొద్దు, మూత తీయంగానే ఎండిపోయిన బల్లి కనపడొచ్చు, చీమలు గూడు పెట్టి ఉండొచ్చు. మన ఊళ్ళల్లో పవర్ సప్లై షార్ట్ అవడానికి అది కూడా ఒక కారణమే.

లైటు ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది, కన్సోల్‌లో ఒక్క అక్షరం రాదు

కేబుల్ బాగుందని తేలిపోయింది కాబట్టి ఇప్పుడు బాక్సుని అనుమానించొచ్చు. ముందు ర్యామ్ పీకి దాని బంగారు పళ్ళని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ పెట్టండి. మార్చాల్సి వస్తే డీడీఆర్3, డీడీఆర్3ఎల్ తేడా చూడండి, ఎల్ అనేది 1.35 వోల్టులది, కొన్ని బోర్డులు అది ఉంటేనే లేస్తాయి.

ర్యామ్ కాదంటే ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్ యాటమ్ సీ2000 జాతిది అయితే గుండె కాస్త గట్టి చేసుకోవాల. 2013లో వచ్చిన ఆ చిప్పుల్లో క్లాక్ సిగ్నల్ ఇచ్చే భాగం కాలం గడిచేకొద్దీ అరిగిపోతాదని 2017లో ఇంటెలే తన తప్పుల పట్టీలో ఏవీఆర్54 అని చేర్చింది. దీని లక్షణం ఒకటుంది, ఏళ్ళ తరబడి ఆపకుండా పనిచేసిన బాక్సు ఒక్కసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఇంగ లేవదు. అంగట్లో "నిన్నటిదాకా ఆఫీసులో రన్నింగ్‌లో ఉండాది సార్" అని చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. కొందరు ఆ క్లాక్ లైనుకి చిన్న రెసిస్టర్ సోల్డర్ చేసి లేపుతారు, లేస్తాది కూడా, కానీ అది తాత్కాలికం, బోర్డు బోర్డుకి చోటు మారతాది. నేనైతే దాని మీద టైమ్ పెట్టను, ర్యామ్, డిస్కు తీసి పక్కన పెట్టుకుంటా. ఆ చిప్పుల్లో తర్వాత వచ్చిన సీ0 స్టెప్పింగ్‌లో (అంటే అదే చిప్పు సవరించిన వెర్షన్‌లో) సరిచేశారు, కొనేముందే అడిగి తెలుసుకుంటే మంచిది.

సగం బూట్ అయ్యి ఆగిపోతోంది

కన్సోల్‌లో బూట్ డివైస్ దొరకలేదనో, ఫైల్ సిస్టమ్ ఎర్రర్ అనో వస్తే డిస్కు. పాత వాటిల్లో సీఎఫ్ అనే మెమరీ కార్డు, కొంచెం కొత్త వాటిల్లో ఎంసాటా అనే చిన్న ఎస్ఎస్‌డీ, ఇవన్నీ రాసీ రాసీ అరిగిపోతాయి, బాక్సు రాసుకునే రికార్డులన్నీ (లాగ్స్) దాంట్లోకే పోతాయి కదా. ఎక్స్86 (మామూలు పీసీ మాదిరి ప్రాసెసర్) బాక్సయితే కొత్త డిస్కు పెట్టి యూఎస్‌బీతో పీఎఫ్‌సెన్స్ గానీ ఓపీఎన్‌సెన్స్ గానీ, ఈ రెండూ ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్లే, వేసుకోవచ్చు, 64 బిట్ ప్రాసెసర్ ఉండాల. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ ఏదని అడిగితే జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకోండి, కరెంటు పోతే యూఎఫ్‌ఎస్ పాడైనంత తేలిగ్గా అది పాడవదు. కంపెనీ సొంత చిప్పులుండే బాక్సయితే వాళ్ళ సాఫ్ట్‌వేరే వెయ్యాల, దానికి సపోర్ట్ అకౌంట్ కావాల, అది మన దగ్గర ఉండదు. అలాంటిది కొనకపోవడమే దానికి రిపేరు.

పనిచేస్తా చేస్తా రీబూట్

మధ్యాహ్నం మాత్రమే అవుతా ఉంటే వేడి. మే నెలలో మిద్దె మీద గదిలో పెడితే ఏ బాక్సయినా ఉడుకుతాది. దుమ్ము ఊడ్చి థర్మల్ పేస్టు మార్చండి. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ మార్చేటప్పుడు 3 వైర్లదే తీసుకోండి, మూడో వైరు స్పీడు చెప్తాది, అది లేకుంటే కొన్ని బాక్సులు ఫ్యాన్ చచ్చిపోయిందని అలారం కొడతానే ఉంటాయి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో మాత్రమే అవుతా ఉంటే ఇన్వర్టర్ వెనక స్విచ్ చూడండి, మామూలు మోడ్‌లో ఉంటే యూపీఎస్ మోడ్‌కి మార్చండి.

ఏ టైమూ లేకుండా అవుతా ఉంటే బోర్డు మీద కెపాసిటర్లు. లైటు పక్క నుంచి వేసి చూడాల. మంచిదాని నెత్తి చదునుగా అద్దం మాదిరి మెరస్తాది, పోయినదాని నెత్తి మీదున్న గీతల దగ్గర పూరీలా ఉబ్బి ఉంటాది, కొన్నిటికి అడుగున గోధుమరంగు జిగురు కారి ఎండిపోయి ఉంటాది. అదే మైక్రోఫారడ్, అంతే లేదా ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీలు, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువుండే) రకం తెచ్చి వెయ్యండి. పీకే ముందు ఫోన్లో ఫోటో తీసుకోండి, గీత ఉన్నవైపు నెగటివ్.

ఒక పోర్టే పనిచెయ్యదు

ఉరుములకి పోయేది ఎక్కువ ఇదే. కేబుల్ ఆపరేటర్ స్తంభాల మీద నుంచి లాన్ వైరు లాగి ఇస్తే మెరుపు వచ్చేది దాని మీదే. పోర్టు చిప్పు ఇంట్లో మార్చేది కాదు, వాన్‌ని (బయటి నెట్ వచ్చే వైపుని) వేరే పోర్టుకి మార్చుకుంటే అయిపోయె. లింకు 100 దగ్గరే ఆగి 1000 రాకపోతే మాత్రం పోర్టు కంటే వైరుని చూడండి, గిగాబిట్‌కి 4 జతలూ కావాల, 100కి రెండు జతలు చాలు.

అన్నీ బాగున్నాయి, నెట్ మాత్రం రాదు

ఫైబర్ డబ్బా అడ్రసు కూడా 192.168.1.1, పీఎఫ్‌సెన్స్ లాన్ (ఇంటి వైపు) అడ్రసు కూడా 192.168.1.1. రెండువైపులా ఒకటే నెట్‌వర్క్ అయితే ఎటు పంపాలో దానికి తెలీదు. లాన్‌ని 192.168.50.1 చెయ్యండి, చాలామందికి ఇక్కడే తీరిపోతాది. తీరకపోతే డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (నెట్‌ని ఊరికే దాటించేట్టు) పెట్టించి ఆపరేటర్ ఇచ్చిన పీపీపీఓఈ లాగిన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ బాక్సులోనే వెయ్యండి. ఆపరేటర్ నెట్‌ని పాత రౌటర్ మ్యాక్‌కి (డబ్బాకుండే సొంత నంబరుకి) కట్టేసి ఉంటే ఫోన్ చేసి మార్పించుకోవాల, లేదా ఆ మ్యాక్‌నే వాన్‌కి ఇవ్వాల.

చివరిగా, పింగ్ పోతా ఉంది గానీ పేరు పెడితే ఏ సైటూ తెరుచుకోదు, వీపీఎన్ కూడా సర్టిఫికెట్ చెల్లదంటోంది అంటే బాక్సులో తేదీ చూడండి, ఏ పాత సంవత్సరంలోనో ఉంటాది. లోపలుండే బిళ్ళ బ్యాటరీ, సీఆర్2032, అయిపోయింది. డీఎన్‌ఎస్‌సెక్ (సైటు పేరుకి వచ్చే జవాబు అసలుదేనా అని చూసే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే తేదీ తప్పయినప్పుడు పేర్లు తేలవు, పేర్లు తేలకపోతే టైమ్ సర్వర్ దొరకదు, టైమ్ సర్వర్ దొరక్కపోతే తేదీ మారదు, అట్లా తిరగతానే ఉంటాది. బ్యాటరీ మీటరు మీద 3 వోల్టులకి బాగా తక్కువుంటే మార్చి, కన్సోల్లోంచి తేదీ చేత్తో కొట్టి, ఒకసారి రీబూట్ చెయ్యండి.