రిటర్న్ గడువు దాటకముందే: కంప్యూటర్ పార్టులు ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు జాగ్రత్తలు

సేల్ సీజన్ వచ్చిందంటే చాలామంది కొత్త పీసీ కట్టే పనిలో పడతారు. ప్రాసెసర్ ఒకచోట, ర్యామ్ ఇంకోచోట, గ్రాఫిక్స్ కార్డు ఎవరో వాడి అమ్ముతున్నది. అలా ఏరుకుని కొనడంలో ఒక సరదా ఉంది, కాదనను, కానీ మోసపోయేది కూడా సరిగ్గా అలా కొనేటప్పుడే. నా సంగతి ముందే చెప్పేస్తాను. మంచి డిస్కౌంట్ కనిపించిందని ఒక ఎస్‌ఎస్‌డీ ముందుగా కొనేసి, మదర్‌బోర్డు ఇంకా రాలేదులే అని డబ్బా కూడా విప్పకుండా బీరువాలో పెట్టాను. ఐదు వారాలకు మిగతావన్నీ చేరాక బిగించి చూస్తే, కొత్తదని అమ్మిన ఆ డిస్కు అప్పటికే తొమ్మిది వేల గంటలు పనిచేసి ఉంది. రిటర్న్ గడువు ఎప్పుడో అయిపోయింది. అమ్మినవాడు నా మెసేజ్ చూశాడు, జవాబు మాత్రం ఇవ్వలేదు.

అందుకే నా మొదటి సలహా ఏ పార్టు గురించీ కాదు, తేదీల గురించి. ఆర్డర్ పెట్టే ముందే ఆ వస్తువుకు రిటర్న్ గడువు ఎన్ని రోజులో చూసి, ఆ రోజుల్లోపల దాన్ని ఆన్ చేసి పరీక్షించే వీలు మీకు ఉందా అని ఆలోచించండి. లేకపోతే ఇప్పుడు కొనొద్దు, డిస్కౌంట్ పోతే పోయింది. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, పవర్ సప్లై ఈ నాలుగూ ఒకే వారంలో చేరేలా ఆర్డర్ పెట్టుకుంటే వచ్చిన సాయంత్రమే టేబుల్ మీద పెట్టి ఆన్ చేసి చూడొచ్చు, కేబినెట్ కూడా అక్కర్లేదు. ప్రాసెసర్లో గ్రాఫిక్స్ లేకపోతే బొమ్మ రావడానికి ఏదో ఒక పాత కార్డు అరువు తెచ్చుకోవాలి, అది మర్చిపోకండి. ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ లాంటివైతే ఒక యూఎస్‌బీ ఎన్‌క్లోజర్, అంటే డిస్కును లోపల పెట్టి యూఎస్‌బీ వైరుతో కలిపే చిన్న డబ్బా, ఉంటే ఏ ల్యాప్‌టాప్‌కైనా తగిలించి చూడొచ్చు. ఆ ఎన్‌క్లోజర్ ముందే కొనిపెట్టుకుని ఉంటే నాకు ఇదంతా రాసే అవసరం వచ్చేది కాదు.

ఇక అమ్మేవాడి సంగతి. ధర మిగతా అందరికంటే ఎక్కడో కింద ఉందంటే దానికి కారణం మీరే వెతకాలి, అతను చెప్పే కారణం నమ్మకూడదు. ఊరు మారుతున్నాం, గిఫ్ట్‌గా వచ్చింది, అర్జెంటుగా డబ్బు కావాలి, ఇవన్నీ అందరూ చెప్పేవే. రేటింగ్ బాగుందని ధీమా వద్దు. ఏళ్ల తరబడి బట్టలో బొమ్మలో అమ్మి, మధ్యలో చాలాకాలం చప్పుడు లేకుండా ఉండి, ఉన్నట్టుండి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులు పది పెట్టిన ఖాతా కనిపిస్తే అది దాదాపు ఎవరి చేతి నుంచో కొట్టేసిన ఖాతా. రేటింగులన్నీ అసలు యజమానివి. రివ్యూలు కూడా కాస్త లోపలికి వెళ్లి చదవండి, ఎందుకంటే అమ్ముడుపోయిన ఫోన్ కవరు పేజీనే మార్చేసి అక్కడ ఎస్‌ఎస్‌డీ పెట్టేవాళ్లున్నారు, నక్షత్రాలు నాలుగున్నర ఉంటాయి, రివ్యూల్లో మాత్రం "రంగు బాగుంది, ఫోన్‌కి సరిగ్గా సరిపోయింది" అని ఉంటుంది.

లిస్టింగ్ టైటిల్ కాదు, కింద ఉన్న వివరణ చివరి లైను దాకా చదవాలి. 2020లో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 సిరీస్ గ్రాఫిక్స్ కార్డులు దొరక్క జనం అల్లాడుతున్నప్పుడు కార్డు ఫోటోని, అంటే నిజంగానే కాగితం మీద ప్రింట్ తీసిన ఫోటోని, అమ్మకానికి పెట్టారు. కనిపించినవన్నీ ఆటోమేటిక్‌గా కొనేసే బాట్ ప్రోగ్రాములకు బుద్ధి చెప్పడానికే అని కొందరు అన్నారు గానీ, హడావిడిగా కొన్న మామూలు మనిషి కూడా ఆ ఉచ్చులో పడగలడు. ఖాళీ డబ్బా మాత్రమే, టెస్ట్ చేయలేదు, విడిభాగాల కోసం, ఇలాంటి మాటలు ఎక్కడో మూలన పెడతారు. టెస్ట్ చేయలేదు అంటే నా దృష్టిలో టెస్ట్ చేశారు, పనిచేయలేదు అని అర్థం.

వాడిన వస్తువైతే ఫోటో అడగండి. మామూలు ఫోటో కాదు, ఒక చీటీ మీద మీ పేరు, ఇవాళ్టి తేదీ రాసి ఆ పార్టు పక్కన పెట్టి తీసిన ఫోటో. సీరియల్ నంబర్ స్టిక్కర్ కూడా అందులో పడాలి. ఇది రెండు నిమిషాల పని. ఇవ్వనంటే అక్కడితో ఆపేయండి, వాదన కూడా వద్దు. మదర్‌బోర్డు అయితే ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌ను దగ్గరగా తీయమనండి, ఎందుకంటే ఇంటెల్‌ డెస్క్‌టాప్ బోర్డుల్లోనూ ఏఎండీ ఏఎం5 సాకెట్‌లోనూ సన్నటి పిన్నులు బోర్డు మీదే ఉంటాయి, ఒక్కటి వంగినా తలనొప్పే. ఏఎండీ పాత సాకెట్ ఏఎం4లో అది తిరగబడుతుంది, పిన్నులు ప్రాసెసర్‌కి ఉంటాయి, కాబట్టి అక్కడ ప్రాసెసర్ అడుగు భాగం ఫోటో కావాలి.

డబ్బు దగ్గర ఒకటే మాట: ఆ సైటు బయటకి వెళ్లకండి. "ఇక్కడైతే కమిషన్ పోతుంది, నేరుగా పంపితే ఇంకో పది శాతం తగ్గిస్తా" అన్నాడంటే, మీకు ఉన్న ఒకే ఒక్క రక్షణను పది శాతానికి కొంటున్నాడన్నమాట. స్నేహితులకు డబ్బు పంపే పద్ధతిలో పంపమనేవాళ్లూ ఉన్నారు, అలా పంపిన దానికి కొనుగోలుదారు రక్షణ ఉండదు. క్రెడిట్ కార్డుతో కడితే బ్యాంకు దగ్గర చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి రప్పించమని, అడిగే దారి ఇంకొకటి మిగులుతుంది. డబ్బు మధ్యలో ఆపి పెట్టే సైట్లలో "అందింది" బటన్ నొక్కమని తొందరపెడితే, పార్టు ఆన్ అయి నడిచేదాకా నొక్కకండి.

పార్సెల్ వచ్చాక ఏం చేయాలో అందరికీ తెలుసు, చేసేవాళ్లే తక్కువ. వీడియో తీయండి. సీల్ ఊడకముందు పార్సెల్ నాలుగు వైపులా, అడ్రసు స్టిక్కర్, దాని మీద బరువు రాసి ఉంటే ఆ బరువు, తర్వాత కోయడం, డబ్బా, దాని మీది సీరియల్, లోపలి పార్టు మీది సీరియల్, రెండూ ఒకటేనా లేదా, ఇదంతా ఎక్కడా ఆపకుండా, కట్ చేయకుండా ఒకే వీడియోలో ఉండాలి. ఫోన్ దేనికైనా ఆనించి పెట్టుకోండి, ఒక చేత్తో కత్తెర, ఒక చేత్తో ఫోన్ పెట్టుకుని తీసిన వీడియోలో పైకప్పు తప్ప ఏమీ కనపడదు. పెద్ద దుకాణం నుంచి కొన్నా ఇది చేయాల్సిందే, మోసం ఎప్పుడూ అమ్మేవాడిదే కానక్కర్లేదు. మీకంటే ముందు కొన్నవాడు అసలు ప్రాసెసర్ తీసుకుని, పాతది డబ్బాలో పెట్టి, రిటర్న్ చేసి ఉండొచ్చు, గోదాములో ఎవరూ విప్పి చూడకుండా దాన్నే మళ్లీ మీకు పంపి ఉండొచ్చు. ఏఎం4 ప్రాసెసర్లన్నీ చూడ్డానికి ఒకే సైజు కాబట్టి పైన అక్షరాలు చెక్కి మార్చేస్తే కంటితో పట్టుకోవడం కష్టం. బోర్డులో పెట్టి, ఆన్ చేయగానే తెరవగలిగే బయోస్ సెట్టింగ్స్‌లో ఏ పేరు వస్తుందో, సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో కోర్లు ఎన్ని చూపిస్తుందో చూస్తేనే తేలుతుంది.

గ్రాఫిక్స్ కార్డులది పైన పటారం లోన లొటారం వ్యవహారం. 2010, 2011 నాటి ఎన్విడియా జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటి చిప్‌లున్న కార్డుల్లోని బయోస్ (కంప్యూటర్‌కి కార్డు పేరూ వివరాలూ చెప్పే ప్రోగ్రామ్) మార్చేసి జీటీఎక్స్ 1050 టీఐ అనో 1060 అనో అమ్మడం చాలా ఏళ్లుగా నడుస్తోంది. విండోస్‌లో పేరు కొత్తదే కనిపిస్తుంది, గేమ్ పెట్టగానే మాత్రం కూలబడుతుంది. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ 2018 నుంచి ఇలాంటి ఎన్విడియా నకిలీలను గుర్తుపట్టి పేరు ముందే ఫేక్ అని చూపిస్తోంది, కార్డు బిగించగానే ముందు అది నడపండి. ఇంకో గుర్తు, 10 సిరీస్ నుంచి ఎన్విడియా చిప్‌లు పాత వీజీఏ అనలాగ్ సిగ్నల్ ఇవ్వవు, కాబట్టి 1050 టీఐ అని చెప్పి వెనక నీలం వీజీఏ పోర్టు ఉంటే అనుమానించాల్సిందే. కంపెనీ సైటు డ్రైవర్ వేయొద్దు, మేమిచ్చిన సీడీనే వాడండి అన్నా అంతే.

ఖరీదైన కార్డుల్లో ఇంకో రకం వచ్చింది, ఇది వింటే కడుపు రగిలిపోతుంది. ఆర్‌టీఎక్స్ 4090 కార్డు నుంచి అసలు గ్రాఫిక్స్ చిప్‌నూ మెమరీ చిప్‌లనూ ఊడబీకి, ఖాళీ బోర్డుకి కూలర్ మళ్లీ బిగించి అమ్మేశారు. ఇలాంటివి రిపేర్ చేసేవాళ్ల దాకా వెళ్లాకే బయటపడ్డాయి. బయట నుంచి చూస్తే ఫ్యాన్లు, లైట్లు, బరువు అన్నీ సక్రమం. కాబట్టి "టెస్ట్ చేసే వీలు లేదు గానీ కార్డు కొత్తగా ఉంది" అని అమ్మే ఖరీదైన కార్డు జోలికి పోకండి. క్రిప్టో కరెన్సీ మైనింగ్‌లో నలిగిన కార్డుల గురించి జనం ఇంకా భయపడతారు, 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం మైనింగ్ ఆగిపోయినప్పుడు అవి మార్కెట్‌లోకి కుప్పలుగా వచ్చాయి మరి. నాకు ఆ భయం అంత లేదు, అరగంట బరువైన గేమ్ నడిపి, తెర మీద చుక్కలూ గీతలూ రాకుండా, వేడి అదుపులో ఉండి, ఫ్యాన్ గరగరమనకపోతే ధర తగ్గించి తీసుకోవచ్చు.

అబద్ధం చెప్పకుండానే బోల్తా కొట్టించేవి కూడా ఉన్నాయి, ఇవి ఇంకా చిరాకు. ఏఎండీ గ్రాఫిక్స్ కార్డుకి ఆర్‌ఎక్స్ 580 అని పెద్ద అక్షరాల్లో, పక్కన చిన్నగా 2048ఎస్‌పీ అని ఉంటుంది. అసలు 580లో 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు (చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్లు) ఉంటాయి, ఇందులో 2048 మాత్రమే, అంటే ఇది దాదాపు దానికింది మోడల్ 570. ఎన్విడియా జీటీ 1030 అయితే 2018లో డీడీఆర్4 మెమరీతో ఇంకో వెర్షన్ వచ్చింది, పేరు మారలేదు, మెమరీ వేగం మాత్రం సెకనుకు 48 జీబీ నుంచి 16.8 జీబీకి పడిపోయింది. ఇలాంటప్పుడు రిటర్న్ అడిగితే అన్నీ లిస్టింగ్‌లోనే ఉన్నాయి కదా అంటారు.

డిస్కుల దగ్గర రెండు విడి విడి మోసాలు. ఒకటి పాతదాన్ని కొత్తదని అమ్మడం, నాకు జరిగింది ఇదే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఎన్ని గంటలు నడిచిందో, ఎంత డేటా రాశారో కనిపిస్తుంది. కొత్త డిస్కులో అది సున్నాకి దగ్గర్లో ఉండాలి. కానీ ఈ లెక్కను కూడా చెరిపేయొచ్చు. 2025 మొదట్లో బయటపడిన సీగేట్ హార్డ్ డిస్కుల వ్యవహారంలో జరిగింది అదే, వేల గంటలు వాడిన డిస్కుల స్మార్ట్ లెక్కలు, అంటే డిస్కు తన వాడకం గురించి తనే రాసుకునే లెక్కలు, సున్నా చేసి కొత్తవిగా అమ్మారు, ఆ డిస్కులు తాము అమ్మినవి కావని కంపెనీ చెప్పింది. ఆ డిస్కుల లోపలే ఫార్మ్ అనే ఇంకో రికార్డు ఉండటంతో అసలు సంగతి బయటపడింది. స్మార్ట్‌మోన్‌టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్లతో దాన్ని చదవొచ్చు, సీగేట్ కొంటే రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి పోల్చండి.

రెండోది లేని సైజు చూపించడం. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీల్లో ఇది ఎక్కువ. లోపల ఉన్నది 64 జీబీ, దాన్ని నడిపే కంట్రోలర్ చిప్ మాత్రం 2 టీబీ అని చెబుతుంది, విండోస్ నమ్మేస్తుంది, మీరు ఫైళ్లు ఎక్కిస్తూ పోతారు, కాపీ అయినట్టే కనిపిస్తుంది, నిజానికి 64 దాటాక వెళ్లినవన్నీ గాల్లో కలిసిపోతాయి. దీన్ని పట్టుకోవాలంటే మొత్తం నింపి, నింపినదాన్ని తిరిగి చదివి చూడాలి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లినక్స్‌లో అయితే ఎఫ్3 అనే సాఫ్ట్‌వేర్లు ఆ పని చేస్తాయి. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి, కాకపోతే డిస్కు ఖాళీగా ఉన్నప్పుడే చేయండి.

ర్యామ్ గురించి ఈ మధ్యదాకా అంతగా చెప్పేవాడిని కాదు. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ధరలు ఎగబాకాక అది కూడా దొంగల కళ్లలో పడింది. కొంటే లోపలి స్టిక్కు ఏ డీడీఆర్ తరానిదో చూడండి, ఒక్కో తరానికి కింది గాడి ఒక్కో చోట ఉంటుంది, పైన హీట్ స్ప్రెడర్ రేకు ఎంత మెరుస్తున్నా గాడి అబద్ధం ఆడదు. సీపీయూ-జెడ్‌లో ఎస్‌పీడీ ట్యాబ్‌లో పార్ట్ నంబర్ చూసి, ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడపండి. నాలుగు స్టిక్కుల ఆర్‌జీబీ సెట్ చవగ్గా కనిపిస్తే ఒకసారి వివరణ చదవండి, అందులో రెండు అలంకారం కోసం లైట్లు మాత్రమే వెలిగే డమ్మీ స్టిక్కులు కావొచ్చు. అది మోసం కాదు, కంపెనీలే అలా చేసి అమ్మాయి, కానీ మీరు నాలుగు అనుకుని డబ్బు కడితే తేడా ఏముంది.

పవర్ సప్లై వాడినది కొనొద్దు, దీని మీద నాతో వాదించకండి. కొత్తదైనా డబ్బా మీద రాసిన వాట్లు చూసి మురిసిపోకుండా పక్కనున్న స్టిక్కర్‌లో 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. 600 వాట్లు అని రాసి 12 వోల్టుల దగ్గర 18 ఆంపియర్లే ఉంటే, 12ని 18తో గుణిస్తే వచ్చేది 216. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ తినేది ఆ 216 నుంచే.

ఒకవేళ మోసం బయటపడితే అమ్మినవాడితో చాటింగ్ మొదలుపెట్టకుండా ముందు సైటులో ఫిర్యాదు పెట్టండి, తర్వాత ఏమైనా మాట్లాడుకోవచ్చు. "ఫిర్యాదు తీసేయండి, వెంటనే డబ్బు వేస్తా" అంటాడు, తీసేస్తే చాలాచోట్ల మళ్లీ పెట్టనివ్వరు. "కొత్తది పంపిస్తున్నా, పది రోజులు ఆగండి" అంటాడు, ఆ పది రోజుల్లో మీ గడువు అయిపోతుంది. కొంత డబ్బు వెనక్కిచ్చి పార్టు ఉంచుకోమంటాడు, అది నకిలీదైతే ఉంచుకుని ఏం చేస్తారు. ఇంకొక పాత ఎత్తు ఉంది, ట్రాకింగ్‌లో డెలివర్ అయిందని వస్తుంది, మీకు ఏమీ రాదు, నిజానికి అదే పిన్‌కోడ్‌లో ఇంకెవరికో ఒక ఖాళీ కవరు పంపి ఉంటాడు. అప్పుడు కొరియర్ ఆఫీసు నుంచి ఏ అడ్రసుకి ఇచ్చారో, పార్సెల్ బరువెంతో రాతపూర్వకంగా తీసుకుని ఫిర్యాదుకి జత చేయండి. పావుకిలో కవర్లో గ్రాఫిక్స్ కార్డు పట్టదని ఎవరికైనా అర్థమవుతుంది.

తిరిగి పంపేటప్పుడు కూడా వీడియో తీయండి, ఈసారి సీరియల్ నంబర్ నుంచి టేపు అంటించడం దాకా. సైటు ఇచ్చిన అడ్రసుకే పంపండి, అమ్మినవాడు చాట్‌లో చెప్పిన అడ్రసుకి కాదు. తూకం వేసి ఇచ్చే రసీదుని పర్సులో పెడితే అక్షరాలు చెరిగిపోతాయి, అక్కడే నిలబడి ఫోటో తీసుకోండి.