అభిషేకం ఎవరి చేతుల మీదుగా: బైబిలు తరగతిలో ఈ చర్చను నడిపే విధానం

పాస్టరును సేవకు నియమించే అభిషేకం బిషప్పే చేయాలా, పెద్దల సమూహం చేసినా చెల్లుతుందా అన్న ప్రశ్నను హైదరాబాదు సిఎస్ఐ (దక్షిణ భారత సంఘం) సంఘాలలో బోధించదలచినవారు మొదట రెండు వచనాలను వెంటవెంటనే చదివించాలి. పౌలు శిష్యుడైన తిమోతికి వరం పెద్దల హస్తనిక్షేపణంతో, అంటే చేతులుంచి ప్రార్థించడంతో, కలిగిందని మొదటి తిమోతి 4:14 చెబుతుంది. అది తన హస్తనిక్షేపణం వలన కలిగిందని రెండవ తిమోతి 1:6లో అపొస్తలుడైన పౌలు అంటాడు. పెద్దల సమూహమే సంఘాన్ని నడపాలనే ప్రెస్బిటేరియన్లు మొదటిదాన్ని, అపొస్తలుల అధికారం బిషప్పుల పరంపరలోనే వస్తుందనేవారు రెండవదాన్ని ఆధారంగా చూపుతారు. రెండో శతాబ్దారంభంలో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్ బిషప్పు లేకుండా ఏదీ చేయవద్దని రాశాడనీ, ఆ తరువాత బైబిలు పండితుడు జెరోమ్ ఆదిలో పెద్దలూ బిషప్పులూ ఒక్కటేనన్నాడనీ క్లుప్తంగా చెబితే చాలు.

అసలు సమయం మన చరిత్రకు కేటాయించండి. హైదరాబాదు సంఘాలు చేరిన బిషప్పు పరిధి అయిన మెదక్ డయాసిస్‌కు వెస్లియన్ మెథడిస్టు మిషను వారసత్వం ఉంది కనుక, మెథడిస్టు ఉద్యమాన్ని ఆరంభించిన, బిషప్పు కాని జాన్ వెస్లీ 1784లో అమెరికా సేవకులకు స్వయంగా అభిషేకం ఎందుకు చేశాడో తప్పక చర్చించాలి. అమెరికా స్వాతంత్ర్యం తరువాత అక్కడి మెథడిస్టులకు బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం అనే సంస్కారాలు ఇచ్చేవారు కరువయ్యారు. ఆ అవసరం ఆయన నిర్ణయానికి చాలునా అని అడగండి.

తరువాత 1947 సెప్టెంబరు 27కు రండి. ఆ రోజు మద్రాసులో ఇంగ్లండు సంఘ సంప్రదాయపు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ (ప్రతి స్థానిక సంఘం తనను తానే నడుపుకునే) సంప్రదాయాలను అప్పటికే కలుపుకున్న దక్షిణ భారత ఐక్య సంఘం ఏకమై సిఎస్ఐగా ఏర్పడినప్పుడు, అంతకుముందు బిషప్పు చేతులు పడని సేవకులెవరికీ తిరిగి అభిషేకం చేయలేదు. ఇకమీదటి అభిషేకాలు మాత్రం బిషప్పులే చేయాలని నిర్ణయించారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు చాలామంది అప్పట్లో ఈ ఐక్యతలో చేరలేదని చెప్పడం మరవకూడదు, ఎందుకంటే వారి అభ్యంతరం మనస్సాక్షికి సంబంధించినది. 1970లో ఉత్తర భారత సంఘం వేరే దారి పట్టి, ఐక్యత ఆరంభంలోనే అందరు సేవకులనూ హస్తనిక్షేపణంతో ఏకం చేసింది. నా దృష్టిలో 1947 నాటి పద్ధతే మేలైనది: మన తాతలకు ప్రభురాత్రి భోజనం పంచిన పాస్టర్ల సేవను అది ఏ విధంగానూ శంకించలేదు. అయినా బోధకుడు తన అభిప్రాయాన్ని తరగతి చర్చ ముగిశాకే చెప్పాలి.

వీలైతే తరగతిని ఒక అభిషేక ఆరాధనకు తీసుకువెళ్లండి. ప్రెస్బిటరు (పాస్టరు) అభిషేకంలో బిషప్పుతో పాటు ప్రెస్బిటర్లు కూడా చేతులుంచుతారు. ఆ ఆచారం పై రెండు వచనాలలో దేనిని నెరవేరుస్తున్నదో విద్యార్థులనే రాయమనండి.