ఎదురెండలో ఫొటో తీసినా ముఖం నల్లబడకుండా ఎక్స్‌పోజర్ సెట్ చేయడం ఎలా?

వెనక ఆకాశం ధగధగలాడుతూ వస్తుంది, ముందు నిలబడ్డ మనిషి ముఖం మాత్రం గుర్తుపట్టలేనంత నల్లగా పడుతుంది. ఎదురెండలో ఫొటో తీసిన ప్రతి ఒక్కరికీ ఇది అనుభవమే. లెన్స్ మంచిది కాదేమో, కెమెరా మార్చాలేమో అనుకుంటాం. నిజానికి కెమెరా తన పని సరిగ్గానే చేసింది. ఈ ఫొటోలో ముఖ్యమైనది ముఖమని దానికి ఎవరూ చెప్పలేదు, అంతే.

కెమెరాలోని మీటర్ ఫ్రేములోకి వచ్చే వెలుతురును కొలిచి, మొత్తం మీద అది మరీ తెలుపూ మరీ నలుపూ కాకుండా మధ్యస్థమైన బూడిద రంగు దగ్గర ఉండేలా ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకు ఎంత వెలుతురు పట్టాలన్నది, నిర్ణయిస్తుంది. ఫొటోగ్రాఫర్లు 18 శాతం గ్రే అనేది దీన్నే. ఫ్రేములో ముప్పావు వంతు మెరిసే ఆకాశమే ఉందనుకోండి. దాన్ని ఆ బూడిద స్థాయికి దించడానికి కెమెరా వెలుతురును బాగా తగ్గించేస్తుంది. ఆకాశంతో పాటు ముఖమూ చీకట్లోకి పోతుంది. ఇప్పటి కెమెరాలు ముఖాన్ని గుర్తుపట్టి కొంత సర్దుతాయి గానీ, సూర్యుడు సూటిగా ఎదురైతే ఆ సర్దుబాటు చాలదు.

మధ్యాహ్నపు ఎండ పడుతున్న చోటికీ, ఎండకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి ముఖానికీ మధ్య తేడా సుమారు 3 స్టాపులు ఉంటుంది. ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడమో, సగం కావడమో. అంటే 3 స్టాపులకు 8 రెట్లు. మన కన్ను ఆకాశం వైపు, ముఖం వైపు చూపు తిప్పుకుంటూ ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది కాబట్టి మనకు రెండూ బాగానే కనిపిస్తాయి. కెమెరాలో వెలుతురును పట్టుకునే సెన్సర్‌కు ఆ వెసులుబాటు లేదు. ఒక క్లిక్కుకు ఒకటే ఎక్స్‌పోజర్.

1. ముఖమా, ఆకాశమా? ముందు తేల్చుకోండి

కెమెరా పైకెత్తే ముందే ఈ నిర్ణయం జరగాలి. మనిషి ముఖం కావాలంటే వెనక ఆకాశం తెల్లబడినా ఫర్వాలేదనుకోవాలి. ఆకాశం రంగులు కావాలంటే మనిషిని నల్లని ఆకారంగా, అంటే సిల్హౌట్‌గా ఒప్పుకోవాలి. రెండూ కావాలంటే ముఖం మీదికి అదనపు వెలుతురు తేవాలి. ఒకే ఎక్స్‌పోజర్‌తో తీస్తే నాలుగో దారి లేదు. ఎదురెండలో పాడయ్యే ఫొటోల్లో ఎక్కువ భాగం ఈ మూడింటిలో ఏదీ ఎంచుకోకుండా తీసినవే. ఆకాశం సగం వెలిసిపోయి ఉంటుంది, ముఖం సగం మునిగి ఉంటుంది.

2. డయల్ ముట్టుకునే ముందు కాళ్లు కదపండి

సెట్టింగ్ మార్చడం కన్నా రెండడుగులు పక్కకు జరగడం చాలాసార్లు ఎక్కువ పని చేస్తుంది. మనిషి వెనక ఖాళీ ఆకాశానికి బదులు చెట్లో, కొండో, నీడలో ఉన్న గోడో వచ్చేలా చూడండి. వెనకభాగం ముదురు రంగైతే తేడా ఒక్కసారిగా తగ్గిపోతుంది. పైగా జుట్టు అంచుల మీద, భుజాల మీద ఎండ ఒక మెరుపు గీతలా తేలుతుంది. ఎదురెండలో తీయడానికి అసలు కారణమే ఆ గీత. వెనక ఆకాశం తెల్లగా ఉంటే అది అందులో కలిసిపోయి కనిపించకుండా పోతుంది.

కాస్త ఎత్తు నుంచి తీస్తే ఆకాశం ఫ్రేములోంచి తప్పుకుని నేల వస్తుంది. అదీ మేలే. సూర్యుడు మరీ ఇబ్బంది పెడుతుంటే మనిషి తల వెనకో, చెట్టు కొమ్మ వెనకో దాగేలా నిలబడండి.

మనిషి ఎదుట, అంటే మీ వెనక ఏముందో కూడా చూసుకోండి. తెల్లగోడ, ఇసుక, లేతరంగు సిమెంటు నేల ఉంటే అవి ఎండను తిప్పి ముఖం మీదికే పంపుతాయి. దగ్గర్లో ముదురాకుపచ్చ పచ్చిక ఉంటే గడ్డం కింద పచ్చదనం తేలుతుంది. చాలామంది దీన్ని ఇంటికెళ్లి స్క్రీన్ మీద చూసేదాకా గమనించరు.

3. మీటర్‌ను ముఖం మీదికి తిప్పండి

అసలు పని ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం.

కెమెరాలో మీటరింగ్ మోడ్ మామూలుగా ఫ్రేము మొత్తాన్ని చూసే దానిలో ఉంటుంది. కానన్‌లో దాన్ని ఎవాల్యుయేటివ్ అంటారు, నికాన్‌లో మ్యాట్రిక్స్, సోనీలో మల్టీ. దాన్ని స్పాట్‌కు మార్చండి. స్పాట్ మోడ్‌లో కెమెరా ఫ్రేములో చిన్న భాగాన్నే కొలుస్తుంది, మిగతా ఆకాశమంతా దాని లెక్కలోకే రాదు. కొన్ని కెమెరాల్లో ఈ స్పాట్ ఎప్పుడూ ఫ్రేము మధ్యలోనే ఉంటుంది, కొన్నింటిలో ఫోకస్ పాయింట్ వెంట కదులుతుంది. మీది ఏ రకమో ముందే చూసుకోండి. లేకపోతే మీరు ముఖం కొలుస్తున్నాననుకుంటూ చెవి పక్కనున్న ఆకాశాన్ని కొలుస్తుంటారు.

స్పాట్‌ను చెంప మీద పెట్టి, ఎక్స్‌పోజర్ లాక్ బటన్ నొక్కండి. నికాన్‌లో ఏఈ-ఎల్, సోనీలో ఏఈఎల్ అని ఉంటుంది, కానన్‌లో నక్షత్రం గుర్తు. లాక్ పడ్డాక ఫ్రేమును మీకు నచ్చినట్టు సర్దుకుని క్లిక్ కొట్టండి.

ఇక్కడొక మెలిక ఉంది. మీటర్ దేన్ని చూసినా మధ్యస్థ బూడిద చేయాలనే చూస్తుంది, ముఖాన్నైనా సరే. అందుకే చర్మపు ఛాయను బట్టి కొంచెం సర్దాలి. చామనఛాయ దాదాపు ఆ స్థాయిలోనే ఉంటుంది, మీటర్ చెప్పింది అలాగే తీసుకోవచ్చు. బాగా తెల్లని చర్మానికి ఒక స్టాప్ పెంచాలి, లేకపోతే ముఖం మసకబారినట్టు వస్తుంది. బాగా నల్లని చర్మానికి ముప్పావు నుంచి ఒక స్టాప్ తగ్గించాలి, లేకపోతే ఛాయ పోయి ముఖం వెలిసిపోయినట్టు పడుతుంది.

ఈ అంచనా కష్టమనిపిస్తే మీ అరచేయి వాడండి. ముఖం రంగు ఎలా ఉన్నా అరచేతులు మాత్రం అందరివీ కాస్త లేతగానే ఉంటాయి, మధ్యస్థ బూడిద కన్నా సుమారు ఒక స్టాప్ ఎక్కువ. లెన్స్ ముందు చేయి చాచి, అరచేయి మీ వైపు ఉండేలా పెట్టండి. మీరు సూర్యుడి వైపే తిరిగి ఉన్నారు కాబట్టి ఎండ చేతి వెనకవైపు పడుతుంది, అరచేతి మీద నీడ ఉంటుంది. ఎదుటి మనిషి ముఖం మీద ఉన్నదీ సరిగ్గా అదే నీడ. ఫ్రేమంతా అరచేయి నిండేలా పెట్టి కొలిచి, దానికి ఒక స్టాప్ కలిపి లాక్ చేయండి. ఫోకస్ అవసరం లేదు, వెలుతురు లెక్క చాలు. అరచేతి మీద ఎక్కడా ఎండ చుక్క పడకూడదు. పడిందా, లెక్క తప్పినట్టే.

4. అంత తీరిక లేకపోతే ప్లస్ వైపు తిప్పండి

పిల్లలు పరిగెడుతున్నప్పుడు, నలుగురూ కదులుతున్నప్పుడు స్పాట్ పెట్టి లాక్ చేసే తీరిక ఉండదు. అప్పుడు మీటరింగ్‌ను మామూలు మోడ్‌లోనే ఉంచి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ వాడండి. ప్లస్, మైనస్ గుర్తులున్న బటనో, డయలో అది. మొదట +1 దగ్గర మొదలుపెట్టండి. వెనక ఆకాశం ఎక్కువగా ఉంటే +2 దాకా వెళ్లాల్సి రావచ్చు. నీడలోకి వెళ్లగానే దాన్ని మళ్లీ సున్నాకు తేవడం మర్చిపోవద్దు. తర్వాతి ఫొటోలన్నీ తెల్లబడి రావడానికి ఇదే పెద్ద కారణం.

5. చోటు మారకపోతే మాన్యువల్ మంచిది

ఒకే చోట, ఒకే ఎండలో పది ఫొటోలు తీయాలంటే సెట్టింగులన్నీ మీరే పెట్టుకునే ఎం (మాన్యువల్) మోడ్ హాయి. మనిషి అటూ ఇటూ జరిగినా, ఫ్రేములోకి ఆకాశం ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా ముఖం వెలుతురు మారదు.

ఎక్కడ మొదలుపెట్టాలో ఒక పాత లెక్క ఉంది. దాన్ని సన్నీ 16 అంటారు. తేట ఎండలో అపెర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ చిన్నదవుతుంది) ఎఫ్/16 పెడితే, షట్టర్ స్పీడ్ (వెలుతురు లోపలికి పడే సమయం, సెకనులో ఎన్నో వంతో) కింది అంకె ఐఎస్ఓకు (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయికి) దగ్గరిది కావాలి. ఐఎస్ఓ 100కి 1/125. ఇది ఎండ సూటిగా పడుతున్న వాటికి. ఎండకు వీపు పెట్టిన ముఖానికి 3 స్టాపులు తెరవాలి, అంటే 1/125 దగ్గర ఎఫ్/5.6. పోర్ట్రెయిట్‌కు వెనక మసకగా కావాలని ఎఫ్/2.8 పెడితే 1/500 అవుతుంది. ఇదే సమయంలో ఆటోలో వదిలేస్తే కెమెరా 1/2000 ఎంచుకుందనుకోండి, రెండు స్టాపులు తక్కువైనట్టే. ముఖం ఎందుకు మునిగిందో అర్థమైపోతుంది. సాయంత్రమయ్యే కొద్దీ ఎండ తగ్గుతుంది కాబట్టి ఈ అంకెలను మొదటి అడుగుగానే తీసుకోండి.

మాన్యువల్‌లో ఐఎస్ఓను ఆటోలో వదలకండి. వదిలితే కెమెరా వెనకదారిన మళ్లీ ఆకాశం లెక్కకే పోతుంది.

6. స్క్రీన్ వెలుగును నమ్మకండి, హిస్టోగ్రామ్ చూడండి

ఆరుబయట ఎండలో కెమెరా స్క్రీన్ చూసి ఫొటో ముదురుగా ఉందో లేతగా ఉందో చెప్పడం ఎవరి తరమూ కాదు. హిస్టోగ్రామ్ తెరవండి, ఫొటోలో చీకటి ఎంత, వెలుగు ఎంత ఉందో ఎడమ నుంచి కుడికి చూపే గ్రాఫు అది. ఎదురెండ ఫొటోలో గ్రాఫు కుడిచివర గోడకు ఆనుకోవడం సహజం, అది ఆకాశం. దాన్ని చూసి కంగారుపడి ఎక్స్‌పోజర్ తగ్గించకండి. వెలుగు ఎక్కువైన చోట మినుకుమినుకుమనే హైలైట్ అలర్ట్ ఆన్ చేసుకుంటే ఇంకా తేలిక. మినుకుమనేది ఆకాశంలోనైతే వదిలేయండి. నుదుటి మీదో, ముక్కు మీదో, చెంప మీదో అయితే మూడోవంతు స్టాప్ చొప్పున తగ్గించుకుంటూ రండి. జుట్టు అంచు మెరుపులో కాస్త మినుకుమంటే నష్టం లేదు.

కుదిరితే రా ఫైల్‌లో, అంటే సెన్సర్ పట్టిన సమాచారాన్ని కెమెరా కుదించకుండా దాచే ఫైల్‌లో తీయండి. నీడలో ఉన్న వివరాలను తర్వాత కొంతవరకు పైకి లాగొచ్చు, కాస్త నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుందంతే. పూర్తిగా తెల్లబడిపోయిన చోట మాత్రం లాగడానికి ఏమీ మిగలదు. తెల్లబట్టలు వేసుకున్నవాళ్లను తీసేటప్పుడు భుజాల దగ్గర ఇది తప్పకుండా చూసుకోవాలి.

7. రెండూ కావాలంటే వెలుతురు తేవాల్సిందే

తక్కువ ఖర్చుతో అయ్యేది రిఫ్లెక్టర్. అదీ లేకపోతే తెల్ల థర్మోకోల్ షీటో, తెల్ల దుప్పటో చాలు. మనిషికి ఎదురుగా, కాస్త పక్కగా పట్టుకుని మెల్లగా వంచుతూ ఉంటే ఎండ దాని మీద పడి ముఖం మీదికి మళ్లే క్షణం కంటికే తెలుస్తుంది. కళ్లలో చిన్న మెరుపు చుక్క పుడుతుంది. చాలామంది దీన్ని నడుము కింద పట్టుకుంటారు, దాంతో వెలుతురు కిందినుంచి పైకి పడి ముఖం వికారంగా వస్తుంది. ఛాతీ ఎత్తులోనో, అంతకన్నా పైనో పట్టుకోండి. వెండి రంగుది దూరం నుంచి బాగా పనిచేస్తుంది గానీ కళ్లు చెదిరేలా కొడుతుంది, దగ్గరికి తెలుపే మంచిది. బంగారు రంగుది నాకైతే నచ్చదు, ముఖానికి పసుపు రాసినట్టు ఉంటుంది.

ఇక ఫ్లాష్. పట్టపగలు ఫ్లాష్ ఏమిటని నవ్వుతారు గానీ, దాని అసలు ఉపయోగం ఇక్కడే. ముందు ఆకాశానికి ఎక్స్‌పోజర్ పెట్టండి, తర్వాత ఫ్లాష్‌తో ముఖాన్ని పైకి తేండి. చాలా కెమెరాల్లో షట్టర్ స్పీడ్ 1/200 లేదా 1/250 దాటితే ఫ్లాష్ మామూలుగా పనిచేయదు. నిండు ఎండలో ఐఎస్ఓ 100, 1/250 అంటే అపెర్చర్ ఎఫ్/11 దగ్గర ఉండాలి, అంత చిన్న అపెర్చర్‌కు చిన్న ఫ్లాష్ రెండు మూడు మీటర్లు దాటితే చాలదు. కాబట్టి దగ్గరికి వెళ్లండి. ఎఫ్/2.8 లాంటివి కావాలంటే ఇంకా వేగమైన షట్టర్‌తోనూ పనిచేయించే హైస్పీడ్ సింక్ ఫ్లాష్‌లో ఉండాలి, దాంతో ఫ్లాష్ బలం తగ్గుతుందని గుర్తుంచుకోండి. ఫ్లాష్ ఆటోలో ఉంటే దాని కాంపెన్సేషన్‌ను −1 దగ్గర పెట్టండి. ఫ్లాష్ కొట్టినట్టు తెలియకుండా ఉంటేనే అది బాగా కొట్టినట్టు.

లెన్స్‌లో ఎండ పడుతుంటే

ఎక్స్‌పోజర్ అంతా సరిగ్గా ఉన్నా ఫొటో పాలిపోయి, మసకగా వస్తే అది ఫ్లేర్. ముందు లెన్స్ తుడవండి. వేలిముద్ర ఒక్కటున్నా ఎదురెండలో తెర కట్టినట్టు అవుతుంది. లెన్స్ చివర ఎండకు అడ్డుగా తగిలించే హుడ్ పెట్టండి, చవకరకం ఫిల్టర్ ఉంటే తీసేయండి. హుడ్ చాలకపోతే లెన్స్ పైన చెయ్యి అడ్డం పెట్టండి, ఫ్రేములోకి రాకుండా. ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ తడుముకుంటున్నా ఇదే మందు.

డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని నేరుగా చూడొద్దు. పెద్ద జూమ్ లెన్స్ ఉంటే కంటికి చాలా ప్రమాదం. స్క్రీన్ మీద చూసి తీయండి. అప్పుడు కూడా లెన్స్‌ను సూర్యుడి వైపు పెట్టి అలా వదిలేయకండి, లోపలి భాగాలు కాలిపోవచ్చు.

ఫోన్‌తో తీసేవాళ్లకు

స్క్రీన్ మీద ముఖాన్ని వేలితో తాకండి, ఫోన్ అక్కడికి ఎక్స్‌పోజర్ మార్చుకుంటుంది. చాలా ఫోన్లలో తాకిన చోట పక్కనే సూర్యుడి గుర్తో, స్లైడరో వస్తుంది, దాన్ని పైకి జరిపి ఇంకొంచెం వెలుగు పెంచుకోవచ్చు. ఐఫోన్‌లో వేలు అలాగే నొక్కి ఉంచితే ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ అవుతాయి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఈ సౌకర్యం ఉంది. హెచ్‌డీఆర్ ఆన్‌లోనే ఉంచండి. అది వేర్వేరు ఎక్స్‌పోజర్లను కలిపి ముఖాన్నీ ఆకాశాన్నీ కొంతవరకు నిలబెడుతుంది, మనిషి కదిలితే మాత్రం అంచులు చెదరొచ్చు.

ఇంకొకటి, రంగు. ఎండ వెనకుంటే ముఖం మీద పడేది ఎక్కువగా నీలాకాశపు వెలుతురు, అందుకే ముఖం కాస్త నీలంగా, చలువగా వస్తుంది. వెలుతురు రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను షేడ్‌కు మార్చండి. సాయంత్రపు ఎండలో అది మరీ పసుపెక్కితే క్లౌడీ సరిపోతుంది. రా ఫైల్ అయితే ఇది తర్వాతైనా మార్చుకోవచ్చు, జేపెగ్ అయితే అక్కడే తేల్చుకోవాలి.