ఈ వానాకాలం పక్కన పడుకున్నవాళ్ళు "ఏదో కుట్టింది" అంటే ముందు లైటు వెయ్యండి

పోయిన వారం మా పక్క వీధిలో ఒకావిడ చనిపోయింది. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో ఎక్కడ చూసినా అదే మాట. కరెంటు పోయి ఉక్కగా ఉందని భార్యాభర్తలిద్దరూ ముందు గదిలో చాప పరుచుకుని పడుకున్నారు. అర్ధరాత్రి దాటాక చెవి వెనక ఏదో కుట్టిందని ఆవిడ లేచింది. ఆయన ఫోన్ టార్చి వేసి చూశాడు. దోమ కుట్టినంత గుర్తు కూడా లేదు. "చీమై ఉంటుందిలే, పడుకో" అన్నాడు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి. గ్యాస్ అనుకుని మాత్ర వేశారు. ఆరు గంటలకి కనురెప్పలు పైకి లేవలేదు, మాట ముద్దముద్దగా వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి ఊపిరి లేదు. తర్వాత ఆ చాప చుడుతుంటే గోడవార కట్లపాము కనబడింది.

ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మన ఇళ్ళల్లో చాలామంది నోటికి ఆ అర్ధరాత్రి అదే మాట వస్తుంది. నిద్రమత్తులో ఉంటాం, పక్కమనిషి భయపడకూడదని కూడా అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఈ ఇరవై ఏళ్ళలో మా చుట్టుపక్కల పాముకాటుతో పోయినవాళ్ళని తలుచుకుంటే, సగానికి పైగా ఇళ్ళల్లో ఈ మాట వినబడుతుంది. "పడుకో, పొద్దున్న చూద్దాం."

చెప్పులు వేసుకోండి, టార్చి పట్టుకోండి, గడ్డి కోయించండి అని అందరూ చెబుతారు. అవి మీకు తెలుసు. నేను ఈ ఒక్క మాట గురించి చెప్పాలని కూర్చున్నాను.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వచ్చిన పెద్ద అధ్యయనం లెక్క తేల్చింది. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. మనకి జూన్‌లో వచ్చే ఒడియా వాళ్ళ రజో పండగ రోజులతో ఆ కాలం మొదలవుతుంది. కన్నాల్లోకి నీళ్ళు దిగితే ఎలుక పైకి వస్తుంది, దాని వెనకే పామూ వస్తుంది. ఇద్దరికీ పొడి చోటు మన ఇల్లే.

కట్లపాము సంగతి

దీన్ని ఒడియాలో చితి అంటారు. నల్లగా నిగనిగలాడే ఒంటి మీద సన్నటి తెల్లని కట్లు ఉంటాయి, అవి ఎక్కువగా జంటజంటగా కనబడతాయి. పగలు ముడుచుకుని ఎక్కడో పడి ఉంటుంది, కొందరు చేత్తో తీసి పారేసినా ఊరుకుంటుంది. రాత్రి అయితే వేరు. నేల మీద పడుకున్నవాళ్ళ పక్కలోకి వచ్చేస్తుంది. మనం అటు ఇటు పొర్లినప్పుడు కాటేస్తుంది. కోరలు చిన్నవి. నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. నాగుపామో రక్తపింజరో కరిస్తే మనిషి కేక పెడతాడు, కాలు వాస్తుంది, ఇల్లంతా లేస్తుంది. కట్లపాము కరిస్తే ఎవరూ లేవరు. దీని విషం నరాల నుంచి కండరాలకి వెళ్ళే సందేశాన్ని ఆపేస్తుంది. ముందు రెప్పలు వాలతాయి, తర్వాత మింగుడు పడదు, చివరికి ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. దీనికి కొన్ని గంటలు పడుతుంది. ఆ గంటలే మన చేతిలో ఉన్నవి. వాటినే "పొద్దున్న చూద్దాం" అని పోగొట్టుకుంటున్నాం.

అందుకే గాటు కోసం వెతకొద్దు. గాటు లేదంటే కరవలేదని కాదు. నేల మీద పడుకున్న మనిషి వానాకాలం రాత్రి ఏదో కుట్టిందని లేచినా, ఏమీ కుట్టకుండానే తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టు, రెప్పలు బరువు అన్నా, అది కట్లపాము కాదని డాక్టరు చెప్పేదాకా కట్లపామే అనుకోండి.

మా ఇంట్లో మా ఆయనా నేనూ ఒక ఒప్పందం పెట్టుకున్నాం. రాత్రి ఎవరు "ఏదో కుట్టింది" అన్నా రెండోవాళ్ళు లేచి లైటు వెయ్యాలి. పాము కనబడ్డా, కనబడకపోయినా బండి తియ్యాలి. "నీకన్నీ అనుమానాలే" అనే మాట ఆ సమయంలో రాకూడదు. వెళ్ళాక ఏమీ కాలేదని తేలితే ఒక రాత్రి నిద్ర చెడుతుంది, అంతే. ఈ ఒప్పందం పగలు, ఇద్దరూ మెలకువగా ఉన్నప్పుడే చేసుకోవాలి.

పడక

మంచం మీద పడుకోండి. మంచం లేకపోతే నేల మీదైనా దోమతెర కట్టి, అంచులు పరుపు కిందికో చాప కిందికో నాలుగు వైపులా దోపండి. ఊరికే వేలాడదీసిన తెర పనికిరాదు. దోమతెరకి నూట యాభై, రెండు వందలు పెట్టడం దండగ అనుకునేవాళ్ళు వాడి చూడాలి, దోమలతో పాటు పామునీ తేలునీ జెర్రినీ కూడా ఆపుతుంది. దుప్పటి కొస నేలకి జారకూడదు. తల కింద బట్టల మూట పెట్టుకోవద్దు. బియ్యం బస్తాలు, ధాన్యం ఉన్న గదిలో పిల్లల్ని పడుకోబెట్టొద్దు, అక్కడికి ఎలుక వస్తుంది.

పెరడు

పెరట్లో తిరిగేవన్నీ శత్రువులు కావు. ముంగిస, ఉడుము, కప్పలు, రాత్రి పూట చూరు మీద వాలే గుడ్లగూబ, వీటిని తోలకండి. జెర్రిపోతుని చూసి కర్ర తీయకండి. పొడుగ్గా, వేగంగా పోతుంది కాబట్టి భయపెడుతుంది గానీ దానికి విషం లేదు, ఎలుకల్ని తినేది అదే. 1972 నాటి వన్యప్రాణి చట్టం పాముల్ని చంపొద్దంటుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, పాముని కొట్టబోయో పట్టబోయో కాటు తినేవాళ్ళూ ఉన్నారు. విషప్పాము ఇంట్లోకి వస్తే అటవీశాఖ వాళ్ళనో పాములు పట్టడం వచ్చినవాళ్ళనో పిలవండి. వాళ్ళు వచ్చేదాకా ఒకరు దూరం నుంచి దాని మీద కన్నేసి ఉంచండి.

తీయాల్సింది పాముని కాదు, అది దూరే చోటుని. కొబ్బరి డొక్కల కుప్ప, పాత ఇటుకలు, పెంకులు, గోడకి ఆనించిన కట్టెలు. కట్టెల్ని నేలకి అడుగు ఎత్తున పేర్చండి, గోడకి దూరంగా. కుప్ప కదిపేముందు పొడుగు కర్రతో తట్టి, కాసేపు ఆగి అప్పుడు చెయ్యి పెట్టండి. కూరపాదుల చుట్టూ పాత చేపల వల కడుతున్నారు మన వైపు. కోళ్ళు రాకుండా అని. అందులో పాములు ఇరుక్కుని చస్తాయి, చావనిదాన్ని విడదీయబోయి మనిషి కరిపించుకుంటాడు. వల తీసి వెదురు దడి కట్టండి.

వెల్లుల్లి, గంధకం, ఫినాయిలు, ఈశ్వరి మొక్క, ఉప్పు గీత. ఇవేవీ పాముని ఆపవు. వీటికి డబ్బు పెట్టేవాళ్ళు అదే డబ్బుతో దోమతెర కొనుక్కోండి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన తర్వాత రోజుల్లో మన గజపతి జిల్లాలో కూలిన చెట్లు, పెంకులు తీసిన ప్రతి ఇంటివాళ్ళకీ ఇది తెలుసు. తుఫాను తర్వాత ఏ శిథిలంలోనూ ఒట్టి చేతులు పెట్టకండి.

కుక్క, పిల్లి

రాత్రి కుక్క ఒకే చోట నిలబడి, ముందుకు వెనక్కి గెంతుతూ అరుస్తుంటే దాన్ని మెడ పట్టి లాగడానికి వెళ్ళకండి. దాని ముక్కు ఎదురుగా ఏముందో మీకు కనబడదు. దూరం నుంచే పేరు పెట్టి పిలవండి, గిన్నె చప్పుడు చేయండి. వచ్చాక కట్టేసి, ముక్కు, మూతి, ముందు కాళ్ళు లైటు వేసి చూడండి. వాపు ఉన్నా, కొంతసేపటికి వెనక కాళ్ళు తూలుతున్నా పశువుల ఆసుపత్రికి మోసుకెళ్ళండి, నడిపించొద్దు. దానికీ మనకిచ్చే విరుగుడే ఇస్తారు. పాలు, పసుపు నీళ్ళు నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

కుక్క నోట్లోంచి తెల్లటి నురగ వస్తుంటే బోదురుకప్పని నోట కరిచి ఉండొచ్చు. తల కిందికి వంచి, నోటి పక్క నుంచి నీళ్ళు కొట్టి కడగండి, గొంతులోకి పోనివ్వకండి. తర్వాత డాక్టరుకి చూపించండి.

పిల్లి వేటాడిన పాముని చంపకుండానే ఇంట్లోకి తెస్తుంది, మంచం కింద వదిలేస్తుంది. వానాకాలం రాత్రి పిల్లి వచ్చే కిటికీ మూసేయండి. అన్నం గిన్నెలు రాత్రి బయట వదలొద్దు. మిగిలిన అన్నానికి ఎలుకలు, ఎలుకలకి పాము. కోళ్ళగూడు పడకగది గోడకి ఆనుకుని ఉంటే ఈ వారమే జరపండి.

ఇక కరిచిందనో, కరిచిందేమోననో అనుకున్నాక. వరసగా చెబుతున్నాను, చదివి ఇద్దరూ గుర్తుపెట్టుకోండి.

టైము చూడండి, రాసుకోండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు తీసేయండి, వాపు వస్తే తర్వాత రావు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి వదులుగా గుడ్డ చుట్టండి. తాడు బిగించొద్దు. బిగిస్తే కాలు కుళ్ళుతుంది, విప్పగానే విషం ఒక్కసారి పైకి పోతుంది. కోయొద్దు. నోటితో పీల్చొద్దు. ఐసు పెట్టొద్దు. పసరు పూయొద్దు. మనిషిని నడిపించొద్దు. వాంతి అవుతుంటే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టండి. సారా, కాఫీ, తిండి ఏదీ పెట్టొద్దు.

గుణియా, అంటే మంత్రగాడి దగ్గరికి వెళ్ళొద్దు. మంత్రంతో బతికినవాళ్ళని విషం లేని పాము కరిచింది, లేదా విషప్పామే కరిచినా విషం ఎక్కించలేదు.

పాము కోసం వెతకొద్దు, చంపి సంచిలో తేవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే ఇంజెక్షన్. మహేంద్రగిరి వైపు గిరినాగు కాటుకి మాత్రం ఆ ఇంజెక్షన్ పనిచేయదు, కాబట్టి పాము చాలా పెద్దదిగా కనబడి ఉంటే ఆ మాట డాక్టరుకి చెప్పండి, ఊపిరి యంత్రం ఉన్న చోటికి పంపిస్తారు.

అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేస్తే ముందు రాష్ట్రం చెప్పండి, తర్వాత ఊరు. నది అవతల ఆంధ్రలోని పాతపట్నం, మన ఫోన్లకి ఆ టవరూ తగులుతుంది. ఒడియా రాని మనిషి ఫోన్ చేస్తుంటే "సాప కాముడిచి" (పాము కరిచింది) అంటే చాలు.

అంబులెన్సు ఆలస్యమైతే ఆగొద్దు. బైకు మీద మనిషిని మధ్యలో కూర్చోబెట్టి వెనక ఇంకొకరు పట్టుకోండి. ఒంటరిగా బండి నడుపుకుంటూ పోనివ్వొద్దు.

దారిలో మాట్లాడిస్తూ ఉండండి. రెప్పలు వాలుతున్నాయా, మాట తడబడుతోందా చూడండి. చూసింది చూసినట్టు డాక్టరుకి చెప్పండి.

ఏమీ కనబడకపోయినా ఒక రోజు పూర్తిగా ఆసుపత్రిలో ఉంచండి. "బాగానే ఉన్నాను, ఇంటికి పోదాం" అన్నా తీసుకురావద్దు.

బరంపురం మెడికల్ కాలేజీకి రాస్తే వాదించొద్దు, ఇక్కడ మొదలుపెట్టిన ఇంజెక్షన్ కాగితం చేతిలో పెట్టుకుని బయల్దేరండి.

ప్రాణం పోతే పోస్టుమార్టం వద్దనకండి. ఒడిశాలో పాముకాటు చావుకి 4 లక్షల పరిహారం ఉంది, ఆ పోస్టుమార్టం కాగితం లేకపోతే ఆ ఇంటికి అది రావడం కష్టం.

రేపు పగటిపూట దగ్గరి ఆసుపత్రికి ఫోన్ చేసి పాము విరుగుడు ఇంజెక్షన్ ఉందా, రాత్రి డాక్టరు ఉంటారా అడగండి. లేదంటే ఉన్న ఆసుపత్రి ఏదో అడిగి, దాని నంబరు తలుపు వెనక పెద్ద అక్షరాలతో రాయండి. రాత్రిపూట పిల్లల్ని ఎవరింట్లో వదలాలో ఆ ఇంటివాళ్ళతో ముందే మాట్లాడండి. టార్చి తలగడ పక్కన పెట్టుకోండి. బండిలో పెట్రోలు తగ్గనివ్వకండి.