‘స్పిరిటెడ్ అవే’ను ఇంటిల్లిపాదికీ చూపించడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లకు పైగా క్యాసెట్లు, ఆ తర్వాత డిస్కులు అద్దెకిచ్చాను. దుకాణం మూసేశాను కానీ ప్లేయరు ఇంట్లోనే ఉంది. దసరా సెలవులకు ఏటి అవతల పాతపట్నం నుంచి మా చెల్లెలి మనవలు వస్తారు. వాళ్లు చదివేది తెలుగు. నా మనవరాలు ఇక్కడ ఒడియా బడిలో చదువుతోంది. మా అమ్మకు ఎనభై దాటాయి, ఆవిడ చదువుకోలేదు. ఈ అందరినీ ఒకచోట కూర్చోబెట్టి జపాను దర్శకుడు హయావో మియజాకి తీసిన బొమ్మల సినిమా ‘స్పిరిటెడ్ అవే’ను ఇప్పటికి నాలుగుసార్లు చూపించాను. మొదటిసారి పిల్లలు సగంలోనే లేచి వెళ్లిపోయారు. తప్పు సినిమాది కాదు, చూపించిన పద్ధతిది. ఆ తర్వాత ఏమేం మార్చానో చెబుతాను.

ముందు డిస్కు సంగతి. విదేశాల్లో ఉన్న బంధువులు తెచ్చిస్తామంటే పెట్టె వెనక ఉండే రీజియన్ గుర్తు, అంటే ఆ డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు, చూసి తెమ్మని చెప్పండి. డీవీడీల్లో మన దేశానిది 5, జపానుది 2, అమెరికాది 1. బ్లూ-రేలో మనది సి, జపాను, అమెరికాలది ఎ, బ్రిటన్‌ది బి. మా అల్లుడు అమెరికా నుంచి తెచ్చిన బ్లూ-రేను మా ప్లేయరు తీసుకోలేదు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయరు దొరికేదాకా అది బీరువాలోనే ఉంది. యూరప్ డీవీడీ అయితే మరో చిక్కు. సెకనుకు 24 బొమ్మలుగా తీసిన సినిమాను అక్కడి డీవీడీ 25 చొప్పున ఆడిస్తుంది. దాంతో 125 నిమిషాల సినిమా 120 నిమిషాల్లో అయిపోతుంది, జో హిసైషి సంగీతం కూడా కాస్త హెచ్చు శ్రుతిలో వినబడుతుంది. అందుకే నా ఓటు బ్లూ-రేకే.

టీవీలో రెండు మార్పులు చాలు. కదలికను నునుపు చేసే సదుపాయం ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఇవి చేత్తో గీసిన బొమ్మలు. చాలాచోట్ల ఒకే బొమ్మ రెండు మూడు ఫ్రేముల పాటు నిలుస్తుంది. ఆ లయ చిత్రకారులు ఎంచుకున్నది. మధ్యలో టీవీ తన సొంత బొమ్మలు కల్పిస్తే పాత్రలు నూనె మీద జారుతున్నట్టు కదులుతాయి. ఇక రంగు. 2002లో జపానులో వచ్చిన డీవీడీ ఎర్రగా ఉందని కొన్నవాళ్లు గట్టిగా ఫిర్యాదు చేశారు. మీ టీవీలో ఎరుపు ఎక్కువైందేమో తెలియాలంటే ‘ముఖం లేనివాడు’ అనే పాత్ర వచ్చే చోట ఆపి చూడండి. వాడి ముసుగు తెల్లగా కనబడాలి.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది భాష విషయంలో. మాటలు జపనీసులో పెట్టండి, ఇంగ్లీషు డబ్బింగ్ వద్దు. సబ్‌టైటిళ్లు కూడా రెండు రకాలు: జపనీసు మాటలకు అనువాదాలు కొన్ని, ఇంగ్లీషు డబ్బింగ్ నుంచి ఎత్తి రాసినవి కొన్ని. తేడా పట్టుకోవడం తేలికే. నేరుగా చివరి ఘట్టానికి వెళ్లండి. కారు బయలుదేరాక కొత్త ఇల్లు, కొత్త బడి గురించి తండ్రీ కూతుళ్ల సంభాషణ తెర మీద కనబడితే అవి డబ్బింగ్ నుంచి వచ్చినవి. జపనీసులో అక్కడ వాళ్లేమీ మాట్లాడరు.

మా ఇంట్లో సబ్‌టైటిళ్లు చూసి తెలుగులో చెప్పేది నేనే. ముందురోజు ఒంటరిగా ఒకసారి చూసి, ఏ మాటకు ఏ మాట అనాలో కాగితం మీద రాసుకుంటాను. దేవతల కోసం పెట్టిన ఆహారాన్ని కథానాయిక అయిన చిన్నపిల్ల చిహిరో తల్లిదండ్రులు తినేసి పందులవుతారు కదా, అక్కడ “దేవుడికి పెట్టకముందే నైవేద్యం ముట్టుకున్నారు” అన్నాను. అమ్మ వెంటనే “అయ్యో” అంది. ఇక ఆ కథకు ఆవిడకు వివరణ అక్కర్లేకపోయింది. తనకు సాయపడే కుర్రాడు హాకు ఇచ్చిన అన్నం తింటూ చిహిరో ఏడ్చే చోట ‘అన్నం ముద్ద’ అంటే చాలు. జపానులో దాన్ని ఏమంటారో అప్పుడు చెప్పకండి.

ఒక్క సంగతి మాత్రం సినిమా మొదలుపెట్టకముందే చెప్పాలి. చిహిరో అన్న పేరును జపనీసులో రెండు అక్షరాలతో రాస్తారు. మొదటి అక్షరాన్ని విడిగా చదివితే ‘సెన్’, అంటే వెయ్యి. దేవతలు వచ్చే స్నానశాల యజమానురాలు యుబాబా మిగతా అక్షరాలు లాగేసుకుని ఆ ఒక్కటే మిగులుస్తుంది. నా మనవరాలికి ఇది చెప్పడం కష్టం కాలేదు. ఇంట్లో తెలుగులో పిలిచే పేరు బడిలో ఒడియా ఉచ్చారణలో మరోలా వినబడుతుందని దానికి తెలుసు. చిహిరోకూ దానికీ ఒకటే వయసు, పదేళ్లు.

ఎక్కడ చెప్పాలో తెలుసుకున్నంతగా ఎక్కడ చెప్పకూడదో తెలుసుకోవాలి. మొదటిసారి నేను చేసిన తప్పు అదే, ప్రతి నిమిషాన్నీ మాటలతో నింపేశాను. రెండు చప్పట్ల మధ్య ఉండే ఖాళీని జపనీసులో ‘మా’ అంటారనీ, తన సినిమాల్లో ఆ ఖాళీని కావాలనే ఉంచుతాననీ మియజాకి చెప్పారు. అది చదివాక రెండోసారి రైలు ఘట్టంలో నోరు మెదపలేదు. నీళ్ల మీద పట్టాలు, దిగిపోతున్న నీడలాంటి ప్రయాణికులు, ఆరో స్టేషను దాకా టికెట్లు. అవి బాయిలరు గదిలోని కామాజీ నలభై ఏళ్లుగా దాచుకున్నవి. పిల్లలు కదలకుండా చూశారు. నౌపడ నుంచి మా ఊరి మీదుగా గుణుపూర్ వెళ్లే చిన్న రైలు 2004 దాకా నడిచింది. నాన్నగారు అందులోనే తిరిగేవారు. ఆ ఘట్టంలో అమ్మ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆవిడతోనూ నేనేమీ మాట్లాడలేదు.

నది దేవుడు వచ్చే చోట మాత్రం పిల్లల్ని అరవనివ్వండి. కంపుకొట్టే ఆ దేవుడి ఒంట్లో దిగిన ముల్లు నిజానికి సైకిలు హ్యాండిలు. అందరూ తాడు పట్టి లాగుతుంటే మా పిల్లలు రథయాత్రలో లాగినట్టే లాగారు, సోఫాకు కట్టిన దుప్పటి ఊడివచ్చింది. మియజాకి స్వయంగా ఒక నదిని శుభ్రం చేస్తూ సైకిలును బయటికి తీసిన అనుభవం నుంచే ఈ ఘట్టం పుట్టింది. మర్నాడు ఉదయం మా ఊరి ఏరు మహేంద్రతనయ ఒడ్డుకు వెళ్లినప్పుడు పిల్లలు నీళ్లలో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టారు.

ఈ ఘట్టం అయ్యేసరికి సినిమా దాదాపు సగమవుతుంది. విరామం ఇవ్వాలంటే అప్పుడే ఇవ్వండి. మంచినీళ్లూ తినుబండారాలూ అన్నీ అప్పుడే కానిచ్చేయాలి. సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే భోజనాల వేళకు పూర్తవుతుంది. కొండల వైపు మబ్బు పట్టి ఉంటే టీవీనీ ప్లేయరునీ ముందే ఇన్వర్టరుకు కలపండి. మధ్యలో కరెంటు పోతే కొన్ని ప్లేయర్లు మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటాయి.

చివర పేర్లు పడేటప్పుడు లైటు వేయకండి. యుమి కిమురా లైర్ అనే తంత్రీవాద్యం వాయిస్తూ పాడిన పాట అప్పుడే వస్తుంది. మా అమ్మ దాని అర్థం అడగలేదు, ఇంకోసారి వేయమంది.