నిజాం రైల్వే నాటి ఇంజనీరు ఉద్యోగ చరిత్ర వెతకడం ఎలా

1893లో మొదలైన లాలాగూడ వర్క్‌షాపులో పనిచేసిన ఇంజనీరు గురించి రాయాలనుకుంటే ముందు హోదా సరిచూసుకోండి. ఆ కాలంలో ఇంజన్ల బాధ్యత చూసే అధికారి చాలాచోట్ల లోకోమోటివ్ సూపరింటెండెంట్‌గానే కనిపిస్తాడు. ‘మెకానికల్ ఇంజనీరు’ అని మాత్రమే వెతికితే అసలు మనిషే దొరకడు.

అన్నిటికంటే విలువైన కాగితం లండన్‌లోని ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ మెకానికల్ ఇంజనీర్స్ సభ్యత్వ దరఖాస్తు. ఏ కార్ఖానాలో అప్రెంటిస్‌గా చేరాడు, ఎన్నేళ్లు, తర్వాత ఏయే కొలువులు అన్నది అందులో వరసగా ఉంటుంది. అయితే అది దరఖాస్తు నాటికే ఆగిపోతుంది. ఆ తర్వాతి ఏళ్లకు సంస్థ ప్రచురించిన సంతాప వ్యాసం చూడాలి. అందులో పొగడ్త పక్కనపెట్టి తేదీలు మాత్రం తీసుకోండి.

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం ప్రభుత్వ ఫైళ్లున్నాయి. చాలావరకు ఉర్దూ, తేదీలు ఫస్లీ (నిజాం ప్రభుత్వం వాడిన సంవత్సర లెక్క). తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో, ఆజుర్ నెలతో మొదలవుతుంది. క్రీస్తు శకం రావాలంటే మొదటి మూడు నెలలైన ఆజుర్, దై, బహ్మన్‌లలో ఫస్లీ సంవత్సరానికి 590 కలపండి, నాలుగో నెల ఇస్ఫందార్ నుంచి 591. అంటే 1320 ఆజుర్ 1910లో, అదే ఏడు తీర్ నెల 1911లో పడతాయి. బహ్మన్ చివరి రోజులు జనవరిలోకి జారతాయి కాబట్టి అక్కడ రోజు కూడా చూడాలి. నోట్సులో అసలు ఫస్లీ తేదీని కొట్టేయకుండా పక్కనే ఉంచండి.

1930లో నిజాం ప్రభుత్వం కొనేదాకా రైల్వే లండన్ కంపెనీది. అంతకుముందటి నియామకాలకు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులు కూడా అడగండి.